పొద్దుటూరు నోట సిక్కోలు మాట

పక్షవాతంతో పోయిన మాట తిరిగివచ్చిన రోజున ఓబులేసు అన్న మొదటి వాక్యం, "మంచినీల్లు ఇచ్చీండి."

పక్కన కూర్చున్న ఆయన భార్య కూర్మావతి ముందు పక్కున నవ్వింది. ఆ తర్వాత కొంగు మొహానికి కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో గదిలో అందరికీ తెలుసు. ఎందుకు నవ్విందో మాత్రం ఆమెకూ, కంప్యూటరు ముందున్న షాహీనాకూ తప్ప ఎవరికీ వెంటనే తట్టలేదు.

ఓబులేసుది కడప జిల్లా ప్రొద్దుటూరు. పెళ్లికి ముందే విశాఖపట్నం ఓడరేవులో క్రేన్ నడిపే ఉద్యోగంలో చేరి, రిటైరయ్యేదాకా ఆకాశంలో వేలాడే ఆ అద్దాల గదిలోనే బతికాడు. అక్కడ మాట్లాడ్డానికి ఎవరూ ఉండరు. ఆయనకు అదే బాగుండేది. దాహమేస్తే "నీళ్లు" అనేవాడు, అదీ ఎదురుగా చెంబు లేకపోతేనే. "ఇచ్చీండి" అన్నది ఆయన వంశంలో ఎవరూ అనని మాట. అది శ్రీకాకుళం మాట, సిక్కోలు మాట. కూర్మావతి మాట.

"అయ్యబాబోయ్, నా మాట తీసుకెల్లి ఈయన నోట్లో ఎట్టీసేవేటి షాహీనమ్మా!" అంది కూర్మావతి కళ్లు తుడుచుకుంటూ.

"ఇంకెవరి మాట పెట్టను ఆంటీ? నాలుగు నెలలు కూర్చుని చెప్పింది మీరే కదా," అంది షాహీనా. ఆమెకూ కళ్లు చెమర్చాయి. ఆమె చేసిన పని ఒక మనిషి నోట వినబడడం అదే మొదటిసారి.

షాహీనా పనిచేసే వాగ్వల్లి అనే పరిశోధన సంస్థ సముద్రం వైపు తిరిగి ఉన్న కొండ మీద ఉంది. మెదడు దెబ్బతిని మాట పోయినవాళ్లకు అక్కడ ఒక పరికరం అమరుస్తారు. పుర్రె లోపల గోరంత వెడల్పున ఒక పలచని జల్లెడ, మెడ కింది ఎముక దగ్గర చర్మంలో ఒక చిన్న డబ్బా. మనిషి మాట్లాడాలని ప్రయత్నిస్తుంటే జల్లెడ పసిగడుతుంది, డబ్బా ఆ ప్రయత్నాన్ని నాలుకకూ పెదవులకూ చేరవేస్తుంది. నోరు ఆ మనిషిదే, గొంతు ఆ మనిషిదే.

ఓబులేసు విషయంలో ఇది సరిపోలేదు. ఆయన నాలుక బాగానే ఉంది. దొరకనిది మాటే. గ్లాసు చూస్తే గ్లాసని లోపల తెలుస్తుంది, పేరు మాత్రం అందదు. గొడుగు అడగబోతే "చెప్పు" అని వస్తుంది. అది తప్పని తనకే తెలిసి, సిగ్గుపడి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. అందుకని షాహీనా ఆ డబ్బాలో పనిచేసే ఒక చిన్న ప్రోగ్రామ్ రాసింది. ఆయన మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు, సందర్భాన్నిబట్టి తగిన మాట ఒకటి మెల్లగా అందిస్తుంది. దానికి తోడుమాట అని పేరు పెట్టింది.

తోడుమాటకు ఆ ఇంటి మాటలు నేర్పాలి. ఓబులేసు గొంతు ఎక్కడైనా రికార్డయి ఉందా అని అడిగితే కూర్మావతి ఫోనంతా వెతికింది. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో అన్ని వీడియోల్లోనూ ఆయన ఉన్నాడు, నోరు మూసుకుని. చివరికి షాహీనా, "పోనీ మీరు మాట్లాడగలరా ఆంటీ, రోజూ కొంతసేపు?" అని అడిగింది.

"బస్సు కండక్టర్ని పట్టుకుని మాటాడగలవా అంటావేటమ్మా," అంది కూర్మావతి.

అది నిజమే. పెందుర్తి బస్సులో ఆమె గొంతు వినని ప్రయాణికుడు లేడు. ఓబులేసు కూడా ఆ బస్సులో ఎక్కినవాడే. ఏ స్టాపో చెప్పకుండా రోజూ చిల్లర చాచి నిలబడే ఆ పొడుగాటి మనిషిని చూసి ఒకరోజు ఆమె బస్సంతా వినబడేలా, "ఈ బాబుకి నోరు లేదేటి?" అంది. ఆయన కిటికీలోంచి చూపు తిప్పకుండానే, "ఉండాది," అన్నాడు. ఆ ఒక్క ముక్క ఆమెకు ఎందుకు అంత నచ్చిందో ఇప్పటికీ చెప్పలేదు. మరుసటి ఏడాది పెళ్లి చేసుకున్నారు.

అలా కూర్మావతి రోజూ కొండెక్కి వచ్చి తోడుమాటకు మాటలు చెప్పింది. వంట, వీధి, బస్సు, దెబ్బలాటలు, దేవుళ్లు, జబ్బులు. అవన్నీ తోడుమాట నేర్చుకుంది. ఓబులేసు నోరు తెరిచాడు.

ఆ తర్వాత మూడేళ్లు ఆ ఇంట్లో పండగే. ప్రొద్దుటూరు నుంచి తమ్ముడు గంగిరెడ్డి ఫోన్ చేసి, అన్న మాటలు విని కంగారుపడ్డాడు. "వదినా, నువ్వే గొంతు మార్చి మాట్లాడతాండావా ఏంది? మా అన్న యాడ?" అని అడిగాడు. ఓబులేసు ఫోన్ లాక్కుని, "ఏటిరా, అన్నని పోల్చుకోలేవేటి?" అన్నాడు. అన్నాక తనే ఉలిక్కిపడి, భార్య వైపు చూసి, నవ్వాడు. మల్కాపురంలో వాళ్ల వీధంతా ఆయన మాట వినడానికి ఏదో ఒక వంకతో వచ్చిపోయేది.

మాటతోపాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఒకరోజు కూర్మావతి బట్టలు ఆరేసి వచ్చి కూలబడితే ఆయన, "అలిసిపోనావు, కూకో. నువ్వు లేకపోతే నానేటైపోదునో," అన్నాడు. ఆమె చేతిలోని క్లిప్పులు అలాగే ఉండిపోయాయి. కాపురానికి వచ్చాక ఆ మనిషి నోటినుంచి అటువంటి మాట ఆమె వినలేదు. వినకపోయినా లోటనిపించలేదు కూడా. విన్నాక మాత్రం, ఇన్నాళ్లూ ఇదే లోటని తెలిసినట్టయింది.

తర్వాతి పరీక్షకు కొండెక్కినప్పుడు ఆ సంగతి షాహీనాకు చెప్పింది, సిగ్గుపడుతూ, దాచుకోలేక. షాహీనా నవ్వి ఊరుకుంది. ఆ వాక్యం ఆమెకు తెలుసు. మాటలు నేర్పే రోజుల్లో ఒక సాయంత్రం మైకు ముందు కూర్మావతి అన్న మాట అది: "ఆయన లేకపోతే నానేటైపోదునో." తోడుమాట అందులో ఒక్క పదం మార్చి అందించింది. అందించిన మాటను ఓబులేసు మనసారా తీసుకున్నాడా, నోటికి వచ్చింది కదా అని వదిలేశాడా, అది చెప్పే పరికరం ఇంకా ఎవరూ చేయలేదు. షాహీనా అది తనలోనే ఉంచుకుంది.

నాలుగో ఏడు మొదట్లో డబ్బాల ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాల్సి వచ్చింది. పాతదానికి కాపలా బలహీనపడింది, బయటివాళ్లెవరైనా లోపలికి చొరబడితే మనుషుల నోళ్లే వాళ్ల చేతిలోకి పోతాయి. అందువల్ల పరికరం పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ కొత్తది ఎక్కించాలని సంస్థ నిర్ణయించింది. కొత్తది ఎక్కితే పాతదానికి తిరిగి రావడం కుదరదు. మిగిలినవాళ్లందరికీ సాఫీగా జరిగిపోయింది. తోడుమాట ఉన్నది ఓబులేసు ఒక్కరికే. షాహీనా దాన్ని బల్లమీద విడి డబ్బాలో పెట్టి కొత్త సిస్టమ్‌తో వారంపాటు పరీక్షించింది. అక్కడ బాగానే పనిచేసింది. బల్లమీది డబ్బా వెనక మనిషి లేడు.

అప్‌గ్రేడ్ అయ్యాక ఓబులేసు కళ్లు తెరిచి, "బాగానే ఉన్నాను," అన్నాడు. ఎవరూ అడక్కుండానే మళ్లీ, "బాగానే ఉన్నాను," అన్నాడు.

మర్నాడు చేపల బజారులో అసలు సంగతి బయటపడింది. చేపలమ్మి ఇంకా తట్ట మీది గోనె తీయలేదు, ఓబులేసు నోరు అందుకుంది. "ఇదేటి చేపా, చేప పిల్లా? నిన్నటిది తెచ్చి ఇవాల్టిదంటావేటి? తగ్గించీ తగ్గించీ!" బజారంతా గొల్లుమంది. కూర్మావతి కూడా నవ్వింది. అది అచ్చంగా తను బేరమాడే తీరు. కానీ ఆయన మొహం చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. ఓబులేసు రెండు చేతులతోనూ తన నోరు మూసుకుని నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి ఇంకా మాటలు వస్తూనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం అన్నం తింటుండగా ముద్ద నోట్లో ఉన్నప్పుడే నాలుక కదిలింది. మెతుకులు గొంతుకు అడ్డం పడ్డాయి. ఆయన మొహం నల్లబడింది. కూర్మావతి వీపు మీద గుద్దింది, ఎదురింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఎలాగో ముద్ద బయటపడి ఊపిరి అందింది. అందీ అందగానే ఆయన నోరు, "ఇంకొంచెం ఏసుకోండి, మొహమాటపడకండి," అంది.

అప్పుడు కూర్మావతికి భయమేసింది. ఆటో పిలిపించి సరాసరి కొండమీదికి తీసుకెళ్లింది.

షాహీనా డబ్బాలోకి తొంగిచూసి కారణం పట్టుకుంది. "తోడుమాట ప్రతిసారీ సిస్టమ్‌ని ఒక ప్రశ్న అడుగుతుంది ఆంటీ. అంకుల్ ఇప్పుడు మాట కోసం వెతుకుతున్నారా అని. అవునంటేనే మాట అందిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే భాగాన్ని కొత్త సిస్టమ్‌లో తీసేశారు, ఇంకెవరికీ అక్కర్లేదని. జవాబు రాకపోతే నేను రాసిన ప్రోగ్రామ్ అవునని అనుకుంటోంది. బల్లమీద పరీక్షించినప్పుడు అన్ని జవాబులూ నేనే ఇచ్చాను, అందుకే కనబడలేదు."

"అంటే అడగనోల్లకి కూడా టిక్కెట్టు చింపి ఇచ్చీస్తోంది," అంది కూర్మావతి.

"సరిగ్గా అదే."

"బాగుచెయ్యలేవేటమ్మా?"

"మళ్లీ మొదట్నుంచి రాయాలి. రాసినా మనిషికి పెట్టడానికి అనుమతులు కావాలి. ఏడాదో, రెండేళ్లో. ఈలోపల భోజనం చేస్తుంటే ఏమైనా అయితే..." షాహీనా ఆగింది. "తీసెయ్యాలి ఆంటీ."

"తీసేస్తే ఆయనకి మాటుండదా?"

"జల్లెడ ఉంటుంది. అది దారి చూపిస్తుంది, మాట ఇవ్వదు. ఈ మూడేళ్లలో అంకుల్ మెదడు సొంతంగా ఎంత కోలుకుందో నాకు తెలీదు. తోడుమాట ఎప్పుడూ ముందే అందిస్తుంటే కొలవడానికి కుదర్లేదు. కోలుకుని ఉండొచ్చు. దానిమీదే ఆనుకుని, వెతకడం మానేసి ఉండొచ్చు కూడా."

కూర్మావతి కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఒక మాట నిజం చెప్పు షాహీనమ్మా. ఈ మూడేల్లూ నాతో మాటాడింది ఆయనా? నేనేనా?"

షాహీనా అబద్ధం చెప్పలేకపోయింది. "మీరిద్దరూ కలిసి మాట్లాడారు ఆంటీ. ఏ మాట ఎవరిదో నాకూ తెలీదు. మీరు నాతో చెప్పుకుని సంతోషించారే, 'నువ్వు లేకపోతే' అన్న మాట, అది ముందు మైకులో మీరన్నదే. అంకుల్ దాన్ని కావాలని అన్నారో లేదో నేను చెప్పలేను. అప్పుడే చెప్పాల్సింది. మీ సంతోషం చూసి నోరు రాలేదు."

కూర్మావతి కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. దూరంగా ఓడరేవు క్రేన్లు వరసగా కనిపిస్తున్నాయి. ఆమెకు కోపం రాలేదు. పెట్టెలోంచి తీసి కట్టుకున్న చీర తనది కాదని ఎవరో చెప్పినట్టు చిన్నబోయింది, అంతే.

"ఆయన్నడుగుదాం," అంది చివరికి. "నోరు ఆయనది."

ఓబులేసును లోపలి గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. డబ్బా మీద చిన్న గుండ్రటి తీగె అతికించారు, అది షాహీనా కంప్యూటరుకు కలిపి ఉంది. ఆయనకు వినబడేది అంతా అర్థమవుతుంది, ముందునుంచీ అంతే. షాహీనా నెమ్మదిగా అంతా చెప్పింది. ఎందుకు తీయాలో, తీస్తే ఏమవచ్చో, తీయకపోతే ఏమవచ్చో. ఆమె చెబుతున్నంతసేపూ ఆయన నోరు మధ్యలో అడ్డొస్తూనే ఉంది, "అవునమ్మా," "అలాగేటి," "పాపం" అంటూ.

"మరి తీసెయ్యమంటారా అంకుల్?" అని అడిగింది.

"వొద్దమ్మా, తీసీకు," అంది ఓబులేసు నోరు. "భయమేస్తోంది. మళ్లీ ఇల్లంతా మూగైపోద్ది. నాకు మాట కావాలి. తీసీకు తల్లీ."

షాహీనా చెయ్యి వెనక్కి తీసుకుంది. కానీ ఓబులేసు తల అడ్డంగా ఊపుతున్నాడు. నోరు "తీసీకు, తీసీకు" అంటుంటే ఆయన కుర్చీలోంచి ముందుకు వంగాడు. షాహీనా మణికట్టు పట్టుకున్నాడు. జీవితమంతా క్రేన్ పిడి తిప్పిన చేతులవి, మొరటుగా, నిలకడగా ఉన్నాయి. ఆమె చేతిని తీసుకెళ్లి కీబోర్డు మీద పెట్టాడు. పెట్టి, దానిమీద తన చెయ్యి వేసి ఉంచాడు.

నోరింకా బతిమాలుతోంది. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ చెయ్యి మాత్రం కదల్లేదు.

కూర్మావతి లేచి దగ్గరికొచ్చింది. ఆ బతిమాలుడు ఎవరిదో ఆమెకు వినగానే తెలిసిపోయింది. భయమేస్తోందన్నది తనకు. ఇల్లు మూగైపోతుందన్నది తన బెంగ. తను ఆ గదిలో అనలేక మింగినదంతా భర్త నోట్లోంచి పైకి వస్తోంది, ఆయన ప్రమేయం లేకుండా. ఆమె ఆయన పెదవుల మీద మెల్లగా వేళ్లు ఆనించింది.

"అవి నా మాటలమ్మా," అంది షాహీనాతో. "ఆయన మాట ఆ చెయ్యి చెప్పీసింది. తీసీ."

షాహీనా తోడుమాటతో పాటు దాన్ని తొలగించే చిన్న ప్రోగ్రామ్ కూడా అప్పట్లోనే రాసి పెట్టింది. అది తెరవబోతే కొత్త సిస్టమ్ ఒప్పుకోలేదు, ఇది ఇక్కడ నడవదని తేల్చి చెప్పింది. దాంతో చేత్తోనే తీయాల్సి వచ్చింది. ముందు అసలు ప్రోగ్రామ్‌ను ఆపి, డిలీట్ చేసింది. వాక్యం మధ్యలో ఓబులేసు నోరు ఆగిపోయింది. గదిలో ఏసీ శబ్దం వినబడింది. డబ్బాను రీస్టార్ట్ చేసింది.

ఆయన కళ్లు తెరిచాడు. కాసేపు బాగానే ఉన్నాడు. తర్వాత నోరు దానంతటది తెరుచుకుంది. తెరుచుకుని, ఎవరో ఏదో అందిస్తారన్నట్టు అలాగే ఉండిపోయింది. మూసుకుంది. మళ్లీ కొద్దిసేపటికి తెరుచుకుంది. మాట లేదు. గూట్లో పక్షిపిల్ల నోరు తెరిచినట్టు ఉంది.

"ఇదేటమ్మా? ఏటైపోనాది ఈయనకి?" కూర్మావతి ఆయన మొహంలోకి వంగింది.

షాహీనా పెదవి కొరుక్కుంది. "ప్రోగ్రామ్ పోయింది, దాని తోకలు మిగిలాయి. డబ్బా మేలుకోగానే తోడుమాటను లేపడానికి ఒకటి పెట్టాను. అది ఆగిపోతే మళ్లీ లేపడానికి ఇంకొకటి. అవి రెండూ లేనిదాన్ని వెతుకుతున్నాయి, అందుకే నోరు తెరిపిస్తున్నాయి. ఉండండి, దొరుకుతాయి."

రాసింది తనే అయినా వెతకడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజుల్లో ఆత్రంలో ఎక్కడ తోస్తే అక్కడ పెట్టింది. పాత సిస్టమ్‌లో ఉన్న చోట్లు కొత్తదాంట్లో పేర్లు మారిపోయాయి. ఒకటి సులువుగానే దొరికింది. రెండోది సిస్టమ్ సొంత ఫైళ్ల మధ్య కలిసిపోయి ఉంది. పొరపాటున పక్కది తీస్తే ఆయన మింగడం కూడా మానేస్తాడు. అందుకని ప్రతిదాన్నీ తెరిచి, చదివి, పక్కన పెట్టుకుంటూ పోయింది. ఈ లోపల కూర్మావతి కుర్చీ పక్కన నిలబడి, ఆయన నోరు తెరుచుకున్న ప్రతిసారీ గడ్డం కింద చెయ్యి వేసి మూస్తూ ఉంది, పసిపిల్లాడికి చేసినట్టు.

రెండో తోక కూడా తెగింది. నోరు తెరుచుకోవడం ఆగింది. ఓబులేసు దీర్ఘంగా ఊపిరి తీసుకుని వెనక్కి వాలాడు.

"ఇంకొకటుంది," అంది షాహీనా. "మాటల గూడు. మీరు చెప్పినవి, మూడేళ్లలో చేరినవి. దానంతటది ఏ హానీ చెయ్యదు, ఖాళీగా పడుంటుంది. కావాలంటే తీసి, కాపీ ఒకటి మీకిస్తాను. ఎప్పుడైనా వినాలనిపిస్తే."

కూర్మావతి ఆలోచించలేదు. "నాకు కాపీ ఎందుకమ్మా? అసలు నా దగ్గరే ఉంది కదేటి," అని తన గుండె మీద చెయ్యి వేసుకుంది. "నీ పనికి కావాలంటే నువ్వుంచుకో. ఆయనలో మాత్రం ఉంచీకు. ఉంటే, ఆయన మాట రావడానికి చోటుండదు."

అలా అదీ తీసేశారు.

తర్వాతి పరీక్షలో షాహీనా బొమ్మలు చూపించింది. గొడుగు, తాళంచెవి, అరటిపండు. ఓబులేసు ప్రతి బొమ్మనూ శ్రద్ధగా చూశాడు, పెదవులు కదిపాడు, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేశాడు. ఒక్క మాట కూడా రాలేదు. షాహీనా మొహం చూసి, ఓదార్పుగా ఆమె భుజం తట్టాడు. ఆ తట్టడంతో ఆమె ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక అన్నం మాత్రం హాయిగా తిన్నాడు. కంచం ముందు భయం లేదు. బజారుకు కూడా వెళ్లి, కావలసిన చేప వేలితో చూపించి తెచ్చుకునేవాడు. మాటే లేదు.

కూర్మావతి ఒక నిర్ణయం తీసుకుంది, ఎవరికీ చెప్పలేదు. తను మాట్లాడ్డం తగ్గించింది. ఇన్నేళ్లూ తన మాటలే ఆ ఇంట్లో చోటంతా ఆక్రమించాయని, చివరికి ఆయన తలలోకి కూడా వెళ్లి కూర్చున్నాయని ఆమెకు అనిపించింది. తను ఊరుకుంటే ఆయనకు ఖాళీ దొరుకుతుంది, ఆ ఖాళీలో ఆయనవి మొలుస్తాయి. అందుకని అవసరమైనదే అనేది, అదీ మెల్లగా. ఇరుగుపొరుగు వచ్చి కబుర్లు మొదలెడితే గుమ్మం దగ్గరే పంపించేసేది. వీధిలో కూరలబ్బాయితో బేరం కూడా మానేసింది. గంగిరెడ్డి ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడి, "వదినా, ఇప్పుడు నీ మాట గూడా పోయిందా?" అని కంగారుపడ్డాడు.

కొన్ని వారాల తర్వాత షాహీనా వాళ్లింటికి వచ్చింది, పరీక్షకని కాదు, చూసిపోదామని. ఉదయం పూట. వరండాలో ఓబులేసు చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. కూర్మావతి ఎదురుగా కూర్చుని ఈనెలు తీస్తోంది. షాహీనాను చూసి సంతోషంగా లేచింది, టీ పెట్టింది, బిస్కెట్లు పెట్టింది. "తీసుకోమ్మా," అంది. అంతే. మళ్లీ చిక్కుడుకాయల ముందు కూర్చుంది.

షాహీనాకు ఆ ఇల్లు కొత్తగా అనిపించింది. ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా వీధి మొదట్లోనే కూర్మావతి గొంతు ఎదురొచ్చేది. ఇప్పుడు కాయ తుంచిన చప్పుడు కూడా వినబడుతోంది.

"మీరు బాగున్నారా ఆంటీ? ఒంట్లో..."

"బాగున్నానమ్మా."

షాహీనా టీ గ్లాసు కింద పెట్టేసింది. తన ప్రోగ్రామ్ ఒకరి మాటనే తీసుకుపోయిందనుకుంది, ఇద్దరివీ తీసుకుపోయిందని ఇప్పుడు చూస్తోంది. "నేను మళ్లీ రాస్తున్నాను ఆంటీ," అంది గబగబా. "ఈసారి అడగకుండా మాట ఇవ్వదు. అనుమతి కోసం..."

ఓబులేసు చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

చేతిలోని కాయ కింద పెట్టాడు. భార్య వైపు తిరిగాడు. పెదవులు దగ్గరికి చేరి, విడిపోయాయి. నుదుటి మీద నరం ఉబ్బింది. షాహీనా సాయం చేయబోయి, ఆగింది. కూర్మావతి ఈనె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇంట్లో..." అన్నాడు ఓబులేసు.

గొంతు బొంగురుగా, ఎక్కడో అడుగునుంచి లాగినట్టు వచ్చింది. మళ్లీ ఆగాడు. ఎంతసేపు ఆగాడంటే ఇక రాదనుకున్నారిద్దరూ.

"ఇంట్లో... సద్దు... లేదు."

సద్దు. ఆ మాట కూర్మావతి పుట్టి బుద్ధెరిగాక అనలేదు. సిక్కోలులో ఎవరూ చప్పుడుని సద్దు అనరు. మాటల గూటిని అటూ ఇటూ తిరగేసిన షాహీనాకు కూడా అందులో ఆ మాట లేదని తెలుసు. అది పెన్న ఒడ్డునుంచి, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మాట. అది ఆయనది.

కూర్మావతి కళ్లు పెద్దవయ్యాయి. "ఏటన్నారు?"

ఆయనకు చిరాకేసింది. ఇంత కష్టపడి అన్నది మళ్లీ అనమంటోందని. వేలితో ఆమెను చూపించాడు, ఆమె నోటిని చూపించాడు. ఊపిరి కూడగట్టుకున్నాడు.

"మాట్లాడు... మే."

'మే' అన్నది కూడా ఆయన ఊరి మాటే, ఇంటావిడను పిలిచే పిలుపు. కూర్మావతి ఈనెలు ఒళ్లోంచి దులుపుకుంది, మళ్లీ ఏరుకుంది, మళ్లీ పడేసింది. "ఏటి మాటాడమంటారు? నాకేటి తోచట్లేదు. మీరు మాటాడతారని నేను నోరు మూసుకుంటే, నన్ను మాటాడమంటారేటి? ఇన్నాల్నుంచీ లోపల కుక్కుకుని కుక్కుకుని నాకు కడుపు ఉబ్బిపోతోంది, తెలుసా? ఎదురింటి సన్యాసమ్మ కోడలు పుట్టింటికెల్లిపోనాది. ఎందుకో అడగరేటి? ఫ్రిజ్జు దగ్గర దెబ్బలాటంట. ఫ్రిజ్జులో అత్తగారు ఎండుచేపలెట్టిందంట, కోడలి పాలన్నీ వాసనొచ్చీసినాయంట. దానికి ఈ సన్యాసమ్మ ఏటందో వినండి..."

గొంతు మొదట వణికింది, తర్వాత నిలదొక్కుకుంది, తర్వాత వీధి మొదలుదాకా వెళ్లింది. కళ్లమ్మట నీళ్లు కారుతూనే ఉన్నాయి, వాటిని తుడుచుకునే తీరిక ఆమెకు లేదు. సన్యాసమ్మ లాగా, కోడలి లాగా, మధ్యలో పడిన కొడుకు లాగా గొంతులు మారుస్తోంది. ఓబులేసు మళ్లీ చిక్కుడుకాయ అందుకున్నాడు. తుంచుతూ వింటున్నాడు.

"...అప్పుడా కొడుకు ఫ్రిజ్జు తాళం జేబులో ఏసుకుని డ్యూటీకెల్లిపోనాడు!" అంది కూర్మావతి.

"ఊ," అన్నాడు ఓబులేసు.

షాహీనా తల తిప్పి చూసింది. మూడేళ్లలో ఆయన నోట 'ఊ' అన్నది ఆమె ఎన్నడూ వినలేదు. ఎందుకు వినలేదో ఇప్పుడు అర్థమై ఆమెకు నవ్వొచ్చింది. మైకు ముందు కూర్చున్న నాలుగు నెలల్లో కూర్మావతి ఒక్కసారి కూడా ఊ కొట్టలేదు. ఆమె ఎప్పుడూ చెప్పే మనిషే. తోడుమాటకు ఊ కొట్టడం ఎవరూ నేర్పలేదు.

"మరి ఆ పాలన్నీ ఏటి చేసుంటారనుకుంటున్నారు?" అని అడిగింది కూర్మావతి, ముందుకు వంగి.

"ఊ?" అన్నాడాయన.